మరిడి నిద్రకు కాపు

శుద్ధ విదియ

పాత పుస్తకం నిండిపోయింది. ఇవాళ గట్టు ఆఫీసులో కొత్తది ఇచ్చారు. మేస్త్రీ లోవరాజు దాన్ని నా చేతిలో పెడుతూ, "రెండు ముక్కలు రాత్తే చాలండి మామ్మగారూ. ఏం తింది, ఏం తాగింది, ఎంతసేపు తొంగుంది. మీరు పురాణం రాసేత్తున్నారు," అన్నాడు.

రెండు ముక్కల్లో ఎలా రాస్తాను? నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెలియదు. మొత్తం రాస్తేనే నాకు కుదురు.

గట్టు మీద కోడి మాత్ర వేసుకుని పనిచేసే ప్రతి మనిషికీ ఇంట్లో ఒక కాపు, తిండీ నిద్రా కనిపెట్టుకుని ఉండే మనిషి, ఉండాలి. ఆ కాపు ఎన్నడూ మాత్ర ముట్టని మనిషై ఉండాలి. కాపు ఈ పుస్తకంలో వేలిముద్ర వేస్తేనే మేస్త్రీ మర్నాటి మాత్ర ఇస్తాడు. మా మనవరాలు మరిడికి నేను కాపు.

తిన్నది: ఎండు రొయ్యల కూరతో నాలుగు ముద్దలు. చివరిది చేతిలోనే ఎండిపోయింది. తాగింది: సగం గ్లాసు మజ్జిగ. పడుకున్నది: పడుకుంది గానీ నిద్రపోలేదు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరుగెత్తుతుంటే దాన్ని ఏ గడిలో రాయాలో తెలియలేదు. పళ్ళు నూరుతోంది. పక్కింట్లో తిరగలి తిప్పుతున్నట్టు వినిపిస్తుంది.

పనికి పోయే ముందు గ్లాసుడు వంటసోడా నీళ్ళు ఇచ్చాను. ఆ మాత్రకు కడుపులో మంట పుడుతుంది. అందుకే మా పేటలో ఏ ఇంట చూసినా పొయ్యి పక్కన సోడా డబ్బా ఉంటుంది. కొందరు ఇవ్వడం మర్చిపోతారు. నేను మర్చిపోను. భయం ఉన్నవాళ్ళకు మరుపు ఉండదు.

చవితి

సముద్రం మా ఇంటి కప్పు కంటే ఎత్తున ఉంటుంది. మధ్యలో గట్టు. చిన్నపిల్లలకు ఇది వింత కాదు. నా చిన్నప్పుడు సముద్రం కిందుండేదని, ఇసకలో దిగి నడిచి దాని దగ్గరకు పోయేవాళ్ళమని చెబితే నవ్వుతారు.

గట్టులోకి ఇనప గొట్టాలు దింపి ఉంటాయి. మరిడి పని ఆ గొట్టానికి చెవి ఆనించి వినడం. లోపల మట్టిలో సన్నగా నీళ్ళు కదిలితే బుంగ పడుతున్నట్టు లెక్క. వెంటనే గంట కొట్టాలి. ఒకప్పుడు యంత్రాలు వినేవి. ఉప్పుగాలికి వాటికి చెవుడొచ్చింది. ఇప్పుడు మనుషులే. మనిషి చెవి మంచిదే గానీ మనిషికి కునుకు వస్తుంది. కునుకు రాకుండా కోడి మాత్ర. మాత్ర మీద కోడిపుంజు బొమ్మ అచ్చు వేసి ఉంటుంది, అందుకే ఆ పేరు. అసలు పేరేమిటో నాకు తెలియదు. మాకు పెట్టె కనిపించదు. మేస్త్రీ చిన్న కాగితంలో చుట్టి విడిగా ఇస్తాడు.

మొదట్లో ఎంత సంబరపడ్డానో. మాత్ర వేసుకున్న పిల్ల దీపంలా వెలిగేది. పనినుంచి వచ్చి అంట్లు తోమి, చాపలు దులిపి, నా జుట్టుకు నూనె రాసేది. "మామ్మా, నాకు అలుపే లేదు," అనేది. అప్పుడు సగం మాత్ర. తర్వాత అది చాలలేదు. మాత్ర అయింది. ఇప్పుడు అదీ చాలడం లేదని అంటోంది.

చిన్నప్పుడు మరిడి నిద్ర చూడాలి. కాలెత్తి నా మీద వేసి పడుకునేది. ఎంత బరువో ఆ చిన్న కాలు. తీసి పక్కన పెడితే మళ్ళీ వేసేది. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ ముందు కల చెప్పాలి, తర్వాతే మొహం కడగాలి. ఏనుగు మన పడవెక్కి టిక్కెట్టు అడిగిందని. ఇడ్లీలకు రెక్కలొచ్చాయని, నేను గరిటె పట్టుకుని వెంటపడ్డానని. "అందాయా?" అని అడిగితే, "నువ్వే లేపేశావుగా!" అని కోప్పడేది.

మాత్ర మొదలైనప్పటినుంచి ఒక్క కల చెప్పలేదు. అడిగితే, "రావట్లేదు మామ్మా," అంది, అంగట్లో ఉప్పు లేదని చెప్పినట్టు.

షష్ఠి

పంపు దగ్గర సూరమ్మ కలిసింది. ఆవిడ కొడుకు బుల్లబ్బాయి కూడా గొట్టం దగ్గరే పని. సూరమ్మ అతనికి కాపు.

"మావోడు నిన్న గోడకి సున్నం ఏశాడొదినా," అంది.

"మంచిదేగా."

"ఏం మంచిది? ఒక్క గోడకే. ఏసిందానికే మళ్ళీ, మళ్ళీ. అన్నం తినరా అంటే ఈ మూల తెల్లబడలేదమ్మా అంటాడు. ఇంకో రెండ్రోజులు ఆగితే నాక్కూడా ఏసేత్తాడు. కనీసం మిగతా గోడలకన్నా ఏయించుకుందామంటే, అటు తిరగడు."

పంపు దగ్గరున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బిందె ఎత్తుకుంటుంటే సూరమ్మ నా చెవి దగ్గరకు వచ్చి, "మీ పిల్ల బానే ఉందా?" అని మెల్లగా అడిగింది. ఆ గొంతులో నవ్వు లేదు.

బానే ఉందన్నాను. ఎందుకు అలా అన్నానో తెలియదు.

అష్టమి

ఈ రోజుల్లో సముద్రం పోటు తక్కువ. గట్టు మీద పని తక్కువ. మరిడికి సెలవు, మాత్ర లేదు. పిల్ల ఇవాళ పడుకుంటుందని పాత చీరలు మడతేసి మెత్తగా పరిచాను. కిటికీకి దుప్పటి కట్టాను. కోళ్ళను సూరమ్మ దొడ్లోకి తోలాను.

పడుకోలేదు. మిట్టమధ్యాహ్నం వంటింటి గోడకు చెవి ఆనించి నిలబడింది.

"మామ్మా, ఇలారా. ఇను."

విన్నాను. ఏమీ లేదు. ఎక్కడో బల్లి అరిచింది.

"నీళ్ళు. సన్నగా. ఇసక జారినట్టు. ఇనపడట్లేదా?"

"లేదమ్మా."

"నీకు చెముడు," అంది. నాకు చెముడు లేదని దానికి తెలుసు. నాది పిల్లి నడిచినా లేచే నిద్ర.

సాయంత్రం అన్నం దగ్గర గ్లాసులో నీళ్ళను చాలాసేపు చూసి, తాగకుండా పక్కన పెట్టింది. కడుపులో మంటంది. సెలవు రోజైనా సోడా నీళ్ళు కలిపి ఇచ్చాను. అవి మాత్రం తాగింది.

దశమి

మళ్ళీ పోటు పెరుగుతోంది. పౌర్ణమికి పెద్ద పోటు. ఈసారి గాలి కూడా తోడవుతుందని ఆఫీసులో అంటున్నారట.

పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వేలు సిరాలో ముంచి, ఆపాను. మరిడి చూసింది.

"పెట్టు మామ్మా."

"ఇవాళ ఒక్కరోజు ఒద్దే. చేతులు చూసుకో ఎలా వణుకుతున్నాయో."

"చలి."

"ఈ ఎండలో చలేంటే? ఒళ్ళేమో పెనంలా కాలిపోతంది."

"పెట్టవా? సరే. నేను ఇనకపోతే ఎవరింటారు? ఆ రోజు కూడా ఎవరో కునుకు తీశారు. తీశారా లేదా?"

తీశారు. పాత గట్టుకు బుంగ పడ్డ ఏడు, గొట్టం దగ్గర కూర్చున్న ముసలాయనకు కన్ను మూతపడింది. ఆయన్ని తప్పుపట్టను, ఆయనా పోయాడు. మా అబ్బాయీ కోడలూ పోయారు. మరిడి అప్పుడు నా పక్కలో, నా మీద కాలేసి, వేరే ఊళ్ళో నిద్రపోతోంది. పెళ్ళికని దాన్ని తీసుకుని వెళ్ళాను. లేకపోతే అదీ లేదు.

వేలిముద్ర వేశాను.

ద్వాదశి

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పిల్ల పనినుంచి వచ్చాక, నేను పంపునుంచి నీళ్ళు తెచ్చేసరికి వంటింట్లో దబదబ చప్పుడు. మరిడి గునపంతో నేల తవ్వుతోంది. పొయ్యి విరిగిపోయింది. బియ్యం డబ్బా దొర్లి బియ్యమంతా మట్టిపాలు. పిల్ల మోకాలి లోతు గోతిలో నిలబడి ఉంది.

"ఇక్కడే మామ్మా! ఇక్కడే ఉంది బుంగ. గంట కొట్టు! ఎల్లి గంట కొట్టు!"

గోతిలోకి చూశాను. పొడి ఇసక. చుక్క తడి లేదు.

"నీళ్ళు లేవమ్మా. చూడు. పొడిగా ఉంది."

"అమ్మ అరుత్తంది. నీకినపడదా?"

నేను గోతిలోకి దిగి దాని చెయ్యి పట్టుకున్నాను. కాలింది. నిజంగా కాలింది, గిన్నె దింపినప్పుడు కాలినట్టు. అంత తవ్విన మనిషికి ఒంటిమీద చెమట బొట్టు లేదు. కళ్ళలో నల్లగుడ్డు తప్ప ఇంకేమీ లేదు. నన్ను చూస్తోంది గానీ నన్ను చూడటం లేదు. గునపం జారింది. పిల్ల నా మీదే ఒరిగిపోయింది.

నేను అరిచానట. నాకు గుర్తులేదు. సూరమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి పిల్లమీద కుమ్మరించింది. బుల్లబ్బాయి సున్నం చేతులతోనే వచ్చి మంచం మీద వేసుకుని మరొకరితో కలిసి మోశాడు. దారి పొడుగునా తడిబట్టలు వేస్తూ, చాటతో విసురుతూ పరుగెత్తాం. నాకు పరుగు వస్తుందని ఇన్నేళ్ళుగా తెలియదు.

త్రయోదశి

గట్టు ఆస్పత్రి. మరిడి బతికింది. ముందు అది రాశాను.

సిస్టర్ రూతమ్మ పిల్లని ఐసుగడ్డల మధ్య పడుకోబెట్టి, చేతికి సూది పెట్టి సెలైను ఎక్కించింది. గుండె కొట్టుకునేది తెరమీద గీతలుగా పోతోంది. ఆ గీతలు ఎలుకలు పరుగెత్తినట్టు పోతుంటే చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నాను. తెల్లారాక కొంచెం నిదానించాయి.

అప్పుడు రూతమ్మ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "మామ్మగారూ, ఈ మాత్ర బలం ఇత్తదనుకుంటన్నారా?"

"అందుకేగా వేసుకుంటారు?"

"ఇవ్వదు. మనొంట్లో దాచుకున్నదాన్ని పిండి బయటికి తీసుద్దంతే. అలుపు పోదు, అలుపు తెలీకుండా పోద్ది. ఆకలి తెలీదు, దాహం తెలీదు, ఒళ్ళు కాగిపోతన్నా తెలీదు. మీ పేటలో పంపుందిగా, అడుగున నీళ్ళు లేకుండా మోటారు ఆడిత్తే ఏమవుద్ది?"

"కాలిపోద్ది."

"అదే. నిద్ర లేక, మందు ఎక్కువై, మెదడు లేని చప్పుళ్ళు పుట్టించుకుంటది. ఏం ఇనాలని భయపడతారో అదే ఇనపడుద్ది." తెరమీద గీతలు ఓసారి చూసి, "పుస్తకం లెక్క ప్రకారం పెరిగింది సగం మాత్రే కదా. ఒంట్లో ఇంత ఎందుకు పేరుకుందో నాకు అర్థం కావట్లేదు. మాత్రతో ఇంకేవన్నా ఇచ్చారా?" అంది.

"ఏమీ లేదమ్మా. సోడా నీళ్ళే."

"ఏ సోడా?"

"వంటసోడా. కడుపులో మంటకి. రోజూ మర్చిపోకుండా ఇత్తాను."

రూతమ్మ మొహం మారింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మెల్లగా చెప్పింది. ఈ మందు ఒంట్లోంచి పోవాల్సింది మూత్రంలోనట. సోడా తాగితే మూత్రపిండాలు మందును బయటికి వదలవట. మళ్ళీ నెత్తుట్లోకే తోస్తాయట. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది. ఇవాళ్టిది పోకముందే రేపటిది.

"పెట్టె మీద రాసుంటది మామ్మగారూ."

"మాకు పెట్టె చూపించరమ్మా."

తర్వాత నాకు తోచి, "అయితే చింతపండు రసం పడతానమ్మా. పులుపుకి విరుగుద్దిగా?" అన్నాను.

"ఒద్దు! మీకు దణ్ణం పెడతాను, ఇక సొంత వైద్యాలు ఒద్దు. అంత వేడికి కండలు దెబ్బతిన్నాయి, ఆ చెత్తంతా మూత్రపిండాల మీదే పడింది. ఇప్పుడు పులుపు పోత్తే అవే పోతాయి. పిల్లకి కావాల్సింది నీళ్ళూ నిద్రా. అంతే."

నేను మర్చిపోకుండా ఇచ్చాను. ఒక్కరోజు మర్చిపోయినా బాగుండేది.

సూరమ్మకు చెప్పగానే ఆవిడ చెప్పులు వేసుకోకుండా పేటకు పరుగెత్తింది. సాయంత్రానికి ప్రతి కాపు ఇంటికీ సోడా సంగతి చేరింది. బుల్లబ్బాయిని కూడా చెయ్యి పట్టి లాక్కొచ్చి రూతమ్మ ముందు నిలబెట్టింది. అతని గుండె చప్పుడు విని, రూతమ్మ అతన్నీ పక్క మంచం మీద పడుకోబెట్టేసింది.

చతుర్దశి

మరిడి నిద్రపోతోంది. మందు దిగిపోతుంటే వచ్చే నిద్రట. రూతమ్మ చెప్పినట్టు మధ్యలో లేపి నీళ్ళు తాగిస్తున్నాను. లేచినప్పుడు మాట లేదు, కళ్ళనీళ్ళు మాత్రం కారుతున్నాయి. దిగులు కూడా మందు దిగిపోయే దారిలో ఒక మజిలీ అట. ఒంటరిగా వదలకండి అంది. నేనెక్కడికి పోతాను?

మధ్యాహ్నం లోవరాజు వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. కళ్ళు ఎర్రగా చింతనిప్పులు. అతనూ వేసుకుంటాడని అప్పుడు అర్థమైంది.

"రేపు పొద్దున్నే పెద్ద పోటండి మామ్మగారూ. మరిడి లాంటి చెవి గట్టు మొత్తం మీద లేదు. ఒక్క రేపటికి..." అని పుస్తకం ముందుకు జరిపాడు. "వేలిముద్ర వేత్తే సగం మాత్రే ఇత్తాను. ఒట్టు."

నేను చేతులు చీర కొంగులో చుట్టుకున్నాను.

"వెయ్యను బాబూ."

"గట్టు తెగితే? మీకు తెలీందా అండి?"

తెలుసు. కానీ మంచం మీద పిల్ల ఊపిరి తీస్తోంది, నిదానంగా, పళ్ళు నూరకుండా. ఆ చప్పుడు నేను ఎంతకాలానికి విన్నానో.

"వెయ్యను."

"మరి ఎవరింటారండీ?" టోపీని చేతుల్లో నలిపేశాడు. అతనూ ఎవరో ఒకరి బిడ్డే.

"మేమింటాం," అన్నాను. అనేదాకా నాకు తెలియదు అంటానని.

"మీరా? ముసలోళ్ళు, మధ్యలో కునుకు పడితే?"

సూరమ్మ కొడుకు మంచం దగ్గరనుంచి గయ్యిమంది. "కునుకా? కునుకు మొహం చూసి ఎన్నేళ్ళయిందనుకున్నావురా? పక్కింట్లో పాలు పొంగినా లేచి కూర్చుంటాం మేము. మాకు కోడెందుకు, మా దిగులు చాలదా?"

పౌర్ణమి

పొద్దున్నే మరిడిని రూతమ్మకు అప్పగించి గట్టెక్కాను. పేటలో కాపులంతా వచ్చారు. ముసలమ్మలు, ఇద్దరు ముసలాయనలు. లోవరాజు గొట్టానికి ఇద్దరిని కూర్చోబెట్టాడు. చప్పుడు ఎలా ఉంటుందో చెప్పాడు.

వంతులు మేమే పెట్టుకున్నాం. మొదట సూరమ్మ తాంబూలం నములుతూ చెవి ఆనించింది. "నా దవడ చప్పుడు తప్ప ఏం ఇనపడట్లేదొదినా," అని విసుక్కుంది. అందుకని ఇలా చేశాం: ఒకరు వింటుంటే రెండోవారు పక్కన కూర్చుని తాంబూలం నమలాలి. ఆకు పిప్పి అయ్యి ఉమ్మేశాక వంతు మారాలి. అలుపు రాకముందే లేవడం. లేచి కాళ్ళు చాపుకోవడం. ఇన్నేళ్ళూ పిల్లల్ని పొద్దుగూకేదాకా ఒక్క గొట్టానికి కట్టేసి మాత్ర ఇచ్చారే గానీ, ఇంకో మనిషిని ఇవ్వలేదు.

పోటు ఎక్కింది. గొట్టంలో సముద్రం దగ్గరగా, పక్క గదిలో మనిషి మసిలినట్టు ఉంది. వింటుంటే నాకూ మా అబ్బాయి గొంతు వినిపిస్తుందేమో అనిపించింది. వినిపించాలనిపించింది కూడా. ఒక్కసారి "అమ్మా" అంటే చాలనిపించింది. అప్పుడు తెలిసింది, పిల్ల ఆ గొట్టానికి ఎందుకు అంతలా అతుక్కుపోయేదో.

ఏమీ వినిపించలేదు. మట్టి, దాని వెనక నీళ్ళు, ఎక్కడివక్కడే. సూరమ్మ తుపుక్కున ఉమ్మి, "జరుగొదినా, నా వంతు," అంది.

పోటు తీసింది. గట్టు నిలబడింది.

బహుళ చవితి

నిన్న మరిడిని ఇంటికి తెచ్చుకున్నాను. గుండె మళ్ళీ చూపించాలి. మళ్ళీ మాత్ర అడుగుతుంది, ఆ ఆశ చాన్నాళ్ళు ఉంటుందని రూతమ్మ ముందే చెప్పింది. నిన్న సాయంత్రమే అడిగింది కూడా. లేదన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. గోడకు చెవి ఆనిస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఆనించలేదు.

ఆఫీసులో పుస్తకం తిరిగి ఇచ్చెయ్యమన్నారు. మాత్ర లేనప్పుడు కాపు రాత అక్కర్లేదట. ఈ పేజీ అయ్యాక ఇస్తానన్నాను.

తిన్నది: చారు అన్నం. రెండోసారి అడిగి వేయించుకుంది. తాగింది: నీళ్ళు, గ్లాసులోకి చూడకుండా. పడుకున్నది: భోజనం కాగానే, నేల మీద, నా పక్కన. గొయ్యి పూడ్చిన చోట ఇసక ఇంకా మెత్తగా ఉంది, చాప అక్కడే వేసుకుంది. ఇందాక నిద్రలో పెదాలు కదిలాయి. ఏదో గొణిగింది, అర్థం కాలేదు. నీళ్ళ మాట కాదు, అది మాత్రం చెప్పగలను. తర్వాత కొంచెం నవ్వింది.

ఏం చూసిందో. లేచాక చెబుతుందో చెప్పదో. అడగకూడదు, దానంతట అదే చెప్పాలి.

కాలెత్తి నా మీద వేసింది. ఎంత బరువెక్కిందో. తొడ దగ్గరనుంచి తిమ్మిరెక్కి నా కాలు నాది కానట్టుంది. కొత్తగా వేసిన పొయ్యి మీద పాలున్నాయి. పొంగే వాసన వస్తోంది.

పొంగనీ. నేను కదలను.